అభిషేక మెవరు చేసిరి?

మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలురకు వారమునకు రెండు మారులు బైబిలు పాఠము చెప్పు భారము చాల యేండ్లుగా మాపై నున్నది. క్రైస్తవేతరులైన బాలురు కోరినచో ఆ గంటలో నీతిబోధ తరగతికి పోవచ్చును. అయినను గత సంవత్సరము అట్టి బాలు డొకడు, తన బల్లపై కూర్చుండు చెలికాని విడువలేకనో, నీతివాక్యములకంటె కథలు మేలని తోచియో, మా తరగతిలోనే యుండిపోయెను. మేము వల దనలేదు. నిజము చెప్పవలె నన్న, శ్రద్ధగా వినువాడు వాడొక్కడే యని లోలోపల సంతసించితిమి.

ఒక శుక్రవారము నాడు మార్కు సువార్త పదవ అధ్యాయములోని బర్తిమయి కథ చెప్పుచుంటిమి. యెరికో త్రోవ ప్రక్కను బిచ్చమెత్తుకొను గ్రుడ్డివాడు, యేసు ఆ దారిని పోవుచున్నాడని విని, దావీదు కుమారుడా యని కేకలు వేయును. చుట్టు నున్నవారు ఊరకుండుమని వానిని గద్దింతురు. వాడు మరింత బిగ్గరగా నరచును. ఇంతవరకు చెప్పునప్పటికి ఆ బాలుడు లేచి నిలుచుండెను.

"సార్, ఈయన యింటిపేరు దావీదా, క్రీస్తా?"

తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. "ఇంటిపేరు కాదు, క్రీస్తనగా అభిషిక్తుడు" అని చిన్ననాడు కంఠస్థము చేసిన మాట నప్పగించితిమి. వాడు కూర్చుండలేదు.

"మనలో ఇంటిపేరు ముందు వచ్చును గదా సార్, ఇది వెనుక వచ్చినదేమా యని యడిగితిని. అయితే ఈయనకు అభిషేక మెవరు చేసిరి? మా వీధి గుడిలో పూజారిగారు పాలతో చేయుదురు. రామునికి పట్టాభిషేకము వసిష్ఠుడు చేసెను. ఈయన కెవరు చేసిరి? ఎప్పుడు చేసిరి?"

గంట కొట్టుట కింక అయిదు నిమిషములే యున్నది. పాఠము మిగిలియున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, మాకు సమాధానము తెలియదు. "ఆ ప్రశ్న పరీక్షలో రాదు. కూర్చుండుము" అంటిమి, కొంచెము గద్దించియే యంటిమి. వాడు కూర్చుండెను. మేము పుస్తకము తీసి, విడిచినచోట నుండి మరల చదువ నారంభించితిమి. విడిచిన చోటు, అనేకులు ఆ గ్రుడ్డివానిని ఊరకుండుమని గద్దించిన చోటే. చదువుచుండగనే మా కంఠము తడబడినది. బాలు రెవ్వరును గమనింపలేదు. గమనించినచో వాడొక్కడే గమనించి యుండును.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదువుకొన్న కాలమున, విద్యార్థి ప్రశ్నను ఎన్నడును అణచరాదని బోధనాపద్ధతుల పరీక్షలో రెండు పుటల సమాధానము వ్రాసి మంచి మార్కులు సంపాదించితిమి. ఆ మార్కుల పత్రము ఇంకను మా పెట్టెలో నున్నది.

ఆ సాయంకాలము అశోక్ నగరు వీధులలో నడచి యింటికి పోవుచుంటిమి. ఈ పేట యెట్టిదో మన విద్యార్థుల కెరుకయే. నగర కేంద్ర గ్రంథాలయపు ఆవరణములోను, శిక్షణాలయముల మెట్లమీదను, టీ కొట్లయొద్దను, జిల్లాలనుండి వచ్చిన యువకులు పోటీపరీక్షల పుస్తకములు చేతబట్టుకొని కనబడుచుందురు. పేరు మాత్రమే పట్టుకొని యిచ్చటికి వచ్చి, పేరు ప్రక్కను ఒక పదవిని చేర్చుకొని పోవలెనని వారి తపన. ఆ పదవి వచ్చిన పిదప ఊరిలో వారి నెవ్వరును పేరుపెట్టి పిలువరు, పదవియే పేరగును. వారిని చూచుచు నడచుచుండగా బాలుని మొదటి ప్రశ్న అంత నవ్వదగినది కాదని మాకు తోచినది.

మన నగరమునందే దీనికి పెద్ద నిదర్శన మున్నది. నిజామనునది ఒక మనుష్యుని పేరు కాదు. మీర్ ఖమరుద్దీన్ అను సర్దారునకు మొగలు చక్రవర్తి యొసగిన నిజాం-ఉల్-ముల్క్ అను బిరుదము అది. రాజ్యమును చక్కబెట్టువాడని దాని యర్థము. అతని వంశీయులు 1948 వరకు ఏలిరి. బిరుదము వంశనామమైనది, వంశనామము కళాశాలలకును ఆసుపత్రులకును పేరైనది. నేడు నిజాం కళాశాల యనువారిలో నెవ్వరికి ఆ మొదటి యర్థము స్ఫురించును? ఆయనకే దొరకిన మరియొక బిరుదము ఆసఫ్ జా. ఆసఫనువాడు ముస్లిముల సంప్రదాయమున సొలొమోను రాజు మంత్రి. దావీదు కుమారుని కొలువునుండి మన హైదరాబాదునకు ఒక పేరు వచ్చి చేరినదన్నమాట. గాంధీగారి సంగతియు నిట్టిదే. మహాత్మ యనునది ఆయన పేరులో మొదటి భాగమని మన బాలురలో సగముమంది యనుకొందురు.

క్రీస్తు అను మాటకును ఇట్లే జరిగినది. వింత యేమనగా, అది చాల త్వరగా జరిగినది. క్రైస్తవ వ్రాతలలో మనకు దొరకు మిక్కిలి పాతవి పౌలు వ్రాసిన యుత్తరములు; యేసు సిలువ వేయబడి ఇరువది, ముప్పది యేండ్లయినను కాకముందు, క్రీ. శ. 50, 60 నడుమ వ్రాయబడినవి. పౌలువే యని పండితు లందరు నొప్పుకొను ఏడు ఉత్తరములలోనే ఈ మాట రెండువందల యేబదికి పైగా వచ్చును. ఈయన క్రీస్తు అని ఆయన యెచ్చటను నిరూపింప బూనుకొనడు. పేరువలె వాడుకొని పోవును. కాని ఉత్త పేరైనచో దాని స్థానము మారకూడదు గదా. పౌలు యేసు క్రీస్తు అనియు వ్రాయును, క్రీస్తు యేసు అనియు వ్రాయును. రోమీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయములో ఇశ్రాయేలీయుల భాగ్యములను లెక్కించుచు, వారిలోనుండి క్రీస్తు వచ్చెనని చెప్పునపుడు ఆ మాట మరల బిరుదముగనే మేల్కొనును. మాథ్యూ నొవెన్సన్ అను పండితుడు 2012లో ప్రచురించిన గ్రంథమున, ఇది పేరును కాదు, శుద్ధమైన పదవియు కాదు, రోమా చక్రవర్తి అగస్తువంటి గౌరవనామ మని వాదించెను. మా బాలుడు ఆ గ్రంథము చదువకయే, ఇంటిపేరు వెనుక వచ్చినదేమని యడిగి, అదే చిక్కును వ్రేలితో చూపినాడు.

గ్రీకు వినువారికి ఈ మాట మొదట వింతగనే యుండి యుండును. క్రిస్తోస్ అనగా వారి భాషలో పూయబడినది, రుద్దబడినది అని మాత్రమే. నూనె రాచుకొన్నవా డెవడో యని నవ్వుకొన్నవారును ఉందురు. రోమా పట్టణములో అంతకంటె పరిచితమైన క్రెస్తుస్, అనగా మంచివాడు, పనికివచ్చువాడు, అను పేరు కలదు. అది బానిసలకు తరచుగా పెట్టు పేరు. క్లౌదియ కాలమున క్రెస్తుస్ అనువాని ప్రేరణచే యూదులలో అలజడులు కలిగెనని స్వెతోనియస్ వ్రాసినది ఈ పొరబాటే యని పలువురి యభిప్రాయము. 197 ప్రాంతమున తెర్తుల్లియన్ ఈ తప్పు ఉచ్చారణనే పట్టుకొని, మీరు మా పేరు సరిగా పలుకలేకున్నను మంచితన మనియే పలుకుచున్నారు గదా యని అధికారులను ఎత్తిపొడిచెను. మాకు ఆ సమాధానము చాల నచ్చినది.

ఇక మన తెలుగు సంగతి. 1812లో శ్రీరామపూరున మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చుపడినవి. విశాఖపట్టణమున పనిచేసిన క్రాన్, డెగ్రాంజి దొరలును, వారి సహాయకుడు ఆనందరాయరును చేసిన శ్రమ అది. ఆ పిదప పెక్కు చేతులు మారి నేటి వాడుక బైబిలు మనకు వచ్చినది. దానిలో పాతనిబంధన తెరచినచో రాజును గూర్చి, యాజకుని గూర్చి అభిషిక్తుడు అని యుండును. క్రొత్తనిబంధన తెరచినచో క్రీస్తు అని యుండును. రెండవ కీర్తనలో అభిషిక్తు డన్నచోటనే, అపొస్తలుల కార్యములు నాలుగవ అధ్యాయమున ఆ కీర్తనమే యుదాహరింపబడినపుడు క్రీస్తు అని చదువుదుము. ఒకటి అనువాదము, ఒకటి గ్రీకు ధ్వని. గ్రీకు బైబిలు చదివినవారికి రెండుచోట్లను ఒకే మాట కండ్లబడెను. మనకు రెండు మాటలు. అనువాదకులను నిందింపలేము. అభిషేకమనగా మన దేశమున రాజునకు చేయు పట్టాభిషేకమును కలదు, విగ్రహమునకు చేయు పాలాభిషేకమును కలదు. ఈ రెండవది తలపునకు వచ్చునేమో యని వారు జంకి యుందురని మా యూహ. అయినను తెలుగు క్రైస్తవుడు ఒక మాటలోని యర్థమును పోగొట్టుకొని ధ్వనిని మిగుల్చుకొన్నాడు. మా మాతృమూర్తి ప్రతి ప్రార్థనను క్రీస్తు నామమున ముగించెడిది. మేమును నలువది యేండ్లుగా అట్లే ముగించుచున్నాము, ఉత్తరముపై తపాలా ముద్ర వేసినట్లు.

ఆ ముద్రలోని యక్షరములు చదువ నారంభించినచో ఆశ్చర్యములు లేకపోలేదు. హెబ్రీ లేఖనములలో మెస్సీయ, అనగా అభిషిక్తుడు, ఒక్కడు కాడు. సొలొమోనుకు సాదోకను యాజకుడు తైలము పోసి అభిషేకించెను. తనను చంపజూచిన సౌలును గూర్చి దావీదు, అతడు యెహోవా అభిషిక్తుడు, అతనిపై చేయి వేయననెను. ప్రధానయాజకుడు అభిషిక్తుడే. యెషయా 45వ అధ్యాయములో పారసీక రాజైన కోరెషు, యెహోవాను ఎరుగనివాడు, అభిషిక్తుడని పిలువబడెను. అన్యుడు గదా, ఈ మాట అతనికి తగదని తరువాతి వారికి తోచినది కాబోలు. బర్నబా పత్రిక యను ప్రాచీన గ్రంథమున, గ్రీకులో కోరెషును తెలుపు మాటకు ఒక్క యక్షరము చేరి, ఆ వాక్యము ప్రభువును గూర్చినదిగా మారిపోయినది. కూరోస్ అనగా కోరెషు, కూరియోస్ అనగా ప్రభువు. డిక్టేషను దిద్దు మాకు ఇట్టి తప్పులు క్రొత్త కావు. కాని ఒక్క గుణింతపు తేడాతో ఒక చక్రవర్తి లేఖనములోనుండి జారిపోవుట ఇదే చూచుట. 1947 మొదలుకొని మృతసముద్రపు గుహలలో దొరకిన చుట్టలను బట్టి, ఆ సమాజమువారు అహరోను వంశమునుండి యొకడు, ఇశ్రాయేలునుండి యొకడు, ఇద్దరు అభిషిక్తులు వత్తురని ఎదురుచూచిరనియు తెలియవచ్చినది.

బిరుదములలో మేము చిరకాలము తలక్రిందులుగా బోధించినవి రెండున్నవి. దేవుని కుమారుడనగా ఆయన దైవత్వము, మనుష్యకుమారుడనగా ఆయన మానవత్వము అని నల్లబల్లపై రెండు గడులు గీసి చెప్పుచుంటిమి. చూడ ముచ్చటగా నుండెడిది. కాని రెండవ కీర్తనలో దేవుని కుమారుడు సీయోనున పట్టాభిషిక్తుడైన రాజు, మనుష్యుడే. దానియేలు ఏడవ అధ్యాయములో మనుష్యకుమారునివంటి వాడు ఆకాశ మేఘములతో వచ్చి, నశింపని రాజ్యమును పొందువాడు. అరామిక్ భాషలో మనుష్యకుమారుడనగా ఒక మనిషి, మానవమాత్రుడు, అంతే. ఆ యొక్క మాటలో ఆ సామాన్యతయు నున్నది, ఆ మేఘములును ఉన్నవి. సువార్తలలో ఈ మాట ఎనుబది మారులకు పైగా వచ్చును, దాదాపు ప్రతిమారును యేసు నోటనే. ఇతరు లాయనను క్రీస్తనుచుండగా ఆయన మాత్రము ఈ మరుగు మాటనే వాడుకొనెను. కైసరయ ప్రాంతమున పేతురు నీవు క్రీస్తువని చెప్పినపుడు, ఎవ్వరితోను చెప్పవద్దని యాన. రోమా ప్రభుత్వపు క్రింద అభిషిక్తుడనగా రాజు, రాజనగా తిరుగుబాటు. సిలువపై వ్రేలాడదీసిన పలకపై వ్రాసినది ఆ నేరమే. మా రెండు గడుల పట్టిక మా సొంత తప్పని యనుకొంటిమి గాని, దాని వేళ్లు పాతవి. రెండవ శతాబ్దారంభమున అంతియొకయ బిషప్పైన ఇగ్నేషియస్ వ్రాసిన లేఖలోనే శరీరమునుబట్టి దావీదు వంశీయుడు, మనుష్యకుమారుడును దేవుని కుమారుడును అను జంట కనబడును. యెరూషలేమునకు దూరమై, గ్రీకువారి నడుమ పెరిగిన సంఘమునకు దానియేలు మేఘములు మరపునకు వచ్చినవి.

ప్రభువు అను బిరుదమును గూర్చి ఒక్కమాట. మన భాషలో ప్రభువునుండియే ప్రభుత్వము పుట్టినది. అందుచే ఈ మాటలోని పదును తెలుగు చెవికి తెలియవలెను. ముదుసలియైన పొలికార్పు బిషప్పును పట్టుకొన్నవారు, కైసరు ప్రభువని యొక్కమాట యనుటలో నష్టమేమని బుజ్జగించిరి. ఆయన యనలేదు, అగ్నికి ఆహుతియయ్యెను.

బాలుని రెండవ ప్రశ్న మాత్రము మమ్ము నిదురపోనీయలేదు. అభిషేక మెవరు చేసిరి? లూకా ప్రకారము నజరేతు సమాజమందిరములో యేసు తానే, ప్రభువు ఆత్మ తన్ను అభిషేకించెనని యెషయా గ్రంథమునుండి చదివెను. కొర్నేలి యింట పేతురు చెప్పినదియు నదియే. కాని బాలుడు అడిగినది చేయి యెవరిది, తైల మేది యని. లోయరు ట్యాంకుబండు దాపున నున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివిన మిత్రు డొకడు మా కున్నాడు. 1964లో రాజమండ్రిలో ఆరంభమై పిదప మన నగరమునకు వచ్చిన ఆ కళాశాల మన పేటకు దగ్గరనే గదా. ఆదివారము ఆరాధన యైన వెంటనే ఆ మిత్రుని యింటికి పోయి సంగతి చెప్పితిమి. అతడు నవ్వి, "మీ పిల్లవాడు ట్రిఫో వలె నున్నాడే" యని, జస్టిన్ గ్రంథమునకు ఆంగ్లానువాదమును చేతబెట్టెను.

జస్టిన్ రెండవ శతాబ్దమున పాలస్తీనాలో పుట్టిన తత్త్వవేత్త. 165 ప్రాంతమున రోమాలో హతసాక్షియయ్యెను. ట్రిఫో యను యూదునితో తాను చేసిన సంవాదమును ఆయన గ్రంథముగా వ్రాసెను. ట్రిఫో అడుగు తొలి చిక్కులలో ఇది యొకటి: క్రీస్తు ఎచ్చటనైన పుట్టియున్నను, ఏలీయా వచ్చి ఆయనను అభిషేకించి యందరికి తెలుపువరకు, ఆయన యెవరో ఎవ్వరికిని తెలియదు, ఆయనకును తెలియదు, శక్తియు నుండదు. మీ రెవరినో వట్టిమాట నమ్మి క్రీస్తును కల్పించుకొంటి రని ఆతని యాక్షేపణ. జస్టిన్ దానిని త్రోసిపుచ్చలేదు, గద్దింపలేదు. చాల పుటల పిదప మరల యెత్తుకొని, ఏలీయా ఆత్మయే బాప్తిస్మమిచ్చు యోహానునందుండెనని సమాధాన మిచ్చెను. సమాధానము అందరికి తృప్తినిచ్చునో లేదో మేము చెప్పజాలము. ట్రిఫోకు ఇచ్చినట్లు ఆ పుస్తకములో లేదు. ఇద్దరును స్నేహముగా వీడ్కొనిరి.

మంగళవారము తరగతికి పోయి, బోధనా వేదికపై నిలుచుండి, శుక్రవారము మేము వాని ప్రశ్నను అణచితిమనియు, కారణము ప్రశ్న చెడ్డదగుట కాదు, మాకు తెలియకపోవుటయే యనియు చెప్పితిమి. బాలురు ఒకరి ముఖము లొకరు చూచుకొనిరి. వాడు తల వంచుకొనెను. పదునెనిమిది వందల యేండ్ల క్రిందట ట్రిఫో యను పెద్దమనిషి నీ ప్రశ్ననే యడిగెనని చెప్పునప్పటికి తల యెత్తెను. "ఆయనను కూర్చుండుమనిరా సార్?" అనెను. లేదంటిమి.

పిదప మార్కు పదునాలుగవ అధ్యాయము తీసి చదివితిమి. బేతనియలో భోజనమున కూర్చున్న యేసు నొద్దకు ఒక స్త్రీ వచ్చి, బుడ్డి పగులగొట్టి, జటామాంసి అత్తరును ఆయన తలపై పోసెను. మూడువందల దేనారములకు పైగా విలువ. దినమునకొక దేనారము కూలి గనుక సుమారు ఒక సంవత్సరపు జీతము. సువార్తలలో యేసు తలపై ఎవరైన తైలము పోసినట్లున్నది ఈ సంఘటనయందే. మత్తయియు దీనినే చెప్పును. యాజకుడు కాడు, ప్రవక్త కాడు. చుట్టునున్నవారు ఆమెపై విసుగుకొనిరి. ఆయన మాత్రము, తన భూస్థాపనకు ముందుగా చేసినదని చెప్పెను. ఇది మెస్సీయ అభిషేక మని మార్కు వ్రాయలేదు. ఆ బిరుదమునకు మూలమైన క్రియాపదమును అచ్చట వాడలేదు. ఆ సంగతియు దాచక బాలురకు చెప్పితిమి.

"అత్తరనగా చార్మినారు దగ్గర అమ్మునదేనా?" అని వెనుక బల్లవా డొకడు అడిగెను. అటువంటిదే యంటిమి. తరగతి కొంతసేపు అత్తరు ధరలను గూర్చి చర్చించెను, వారింపలేదు.

వాడు మరల లేచెను. "ఆమె పేరేమి సార్?"

మార్కు వ్రాయలేదంటిమి. యోహాను సువార్తలో మరియ యని యున్నది గాని, అచ్చట పూసినది తలకు కాదు, పాదములకు.

"లోకమంతట ఈమె సంగతి జ్ఞాపకార్థముగ చెప్పుదురని యిప్పుడే చదివితిరి గదా సార్. పేరు వ్రాయకుండ జ్ఞాపక మెట్లు?"

గంట కొట్టిరి. తరువాతి గంటకు లెక్కల మాస్టరుగారు వచ్చి ద్వారమున నిలుచుండిరి. వాడింకను నిలుచుండియే యున్నాడు. మేమును నిలుచుండియే యుంటిమి.